చప్పట్లు సరే, మా టైమింగ్ కూడా రాయండి: మారథాన్ నిర్వాహకులకు ఒక మాజీ సైనికుడి బహిరంగ లేఖ

మారథాన్‌లు, హాఫ్ మారథాన్‌లు నడిపే రేస్ డైరెక్టర్లకు, వాటికి గుర్తింపు ఇచ్చే అథ్లెటిక్ సంఘాల పెద్దలకు, డబ్బు పెట్టే స్పాన్సర్లకు,

నమస్కారం.

నగరం రోడ్లు ఆపి, తెల్లవారకముందే వేలమందిని ఒక గీత వెనక నిలబెట్టి, మధ్యాహ్నానికి అందరినీ క్షేమంగా ఇంటికి పంపడం చిన్న పని కాదు. సైన్యంలో పనిచేసినవాళ్ళం కాబట్టి ఆ ఏర్పాట్ల బరువు మాకు బాగా తెలుసు. మీ శ్రమ మీద మాకు గౌరవం ఉంది. ఇక విషయానికి వస్తాను.

మందుపాతర పేలుడులో నా ఎడమ కాలు మోకాలి కింది నుంచి పోయింది. ఇప్పుడు బ్లేడ్ మీద, అంటే పరుగు కోసం చేసిన వంపు తిరిగిన కృత్రిమ కాలి మీద, పరుగెడుతున్నాను. మా గుంపులో రెండు కాళ్ళూ లేనివాళ్ళున్నారు, చూపు పోయినవాళ్ళున్నారు, వెన్నుకు తూటా తగిలి వీల్‌చెయిర్‌లో దూసుకుపోయేవాళ్ళున్నారు. పైకి చూస్తే ఏమీ కాలేదనిపిస్తూ, పేలుడు దెబ్బను తలలోపల మోస్తున్నవాళ్ళూ ఉన్నారు. ఒక పోటీలో మావాడికి జరిగిన దాని గురించి నిర్వాహకులకు మెయిల్ పెట్టాం. జవాబు లేదు. మళ్ళీ పెడితే, "మీ స్ఫూర్తికి సెల్యూట్" అన్న ఒక్క ముక్క, దాని కింద వచ్చే ఏడాది పోటీ పోస్టర్ వచ్చాయి. ఆ పోస్టర్ మీద ఉన్నది మావాడి ఫొటోనే. అందుకే ఇప్పుడు అందరూ వినేలా రాస్తున్నాను. ఆ పోటీ పేరు మాత్రం చెప్పను. ఒక్కరిని నిలదీస్తే మిగతావాళ్ళు ఇది తమ గురించి కాదనుకుంటారు.

జరిగింది ఇదీ. ఆయనకు కుడి కాలు మోకాలి పైనుంచి లేదు. పొద్దున్నే వేదిక మీదికి పిలిచారు, శాలువా కప్పారు, జెండా చేతికిచ్చి ఊపించారు, కెమెరాలు క్లిక్‌మన్నాయి. ఆ తర్వాత ఆయన కిందికి దిగి, అందరితోపాటు 42.195 కిలోమీటర్లు మొదలుపెట్టాడు. ముప్పయ్యో కిలోమీటరు దాటాక, గడువు దాటినవాళ్ళను ఎక్కించుకునే బస్సు వెనకనుంచి వచ్చి, ఎక్కమన్నారు. ఎక్కనన్నాడు. ట్రాఫిక్ వదిలేశారు కాబట్టి ఫుట్‌పాత్ మీద సాగాడు. చివరికి చేరేసరికి ఫినిష్ గేటు గాలి తీసి నేలమీద పరిచి ఉంది. రన్నర్ దాటగానే సమయం నమోదు చేసే టైమింగ్ మ్యాట్‌ను ఇద్దరు కుర్రాళ్ళు చుడుతున్నారు. సగం చుట్టిన ఆ మ్యాట్ మీదుగానే ఆయన దాటాడు, కానీ కేబుల్ అప్పటికే పీకేశారు. అక్కడ ఎదురుచూస్తున్న ఆయన భార్యను సెక్యూరిటీవాళ్ళు అంతకుముందే "అందరూ అయిపోయారమ్మా, ఇక వెళ్ళండి" అని పంపేశారు. మెడల్ పెట్టెలు వ్యాన్ ఎక్కాయి. సాయంత్రం ఫలితాల్లో ఆయన పేరు పక్కన "పూర్తి చేయలేదు" అని పడింది. మర్నాడు పేపర్లో జెండా ఊపుతున్న ఫొటో వచ్చింది.

ఆ కుర్రాళ్ళ మీద నాకేమీ కోపం లేదు. చుట్టమన్నారు, చుట్టారు. చుట్టమని షెడ్యూల్ రాసినవాళ్ళకే ఈ ఉత్తరం.

మారథాన్‌లో మాలాంటివాళ్ళు కనబడటం ఇవాళ కొత్తగా మొదలైంది కాదు. వియత్నాంలో రెండు కాళ్ళూ పోగొట్టుకున్న యూజీన్ రాబర్ట్స్ 1970లోనే బోస్టన్ మారథాన్‌ను వీల్‌చెయిర్‌లో దాదాపు ఏడు గంటల్లో పూర్తి చేశాడు. అదే యుద్ధంలో కాళ్ళు పోయిన బాబ్ వీలాండ్ 1986లో న్యూయార్క్ మారథాన్‌ను చేతుల మీద, మొండెం ఎత్తి ముందుకు వేసుకుంటూ, నాలుగు రోజులకు పైగా తీసుకుని ముగించాడు. 2008లో ఇరాక్‌లో వెన్నెముక దెబ్బతిన్న బ్రిటిష్ మేజర్ ఫిల్ ప్యాకర్ మరుసటి ఏడాదే ఊతకర్రల మీద లండన్ మారథాన్ దూరాన్ని, రోజుకు సుమారు రెండు మైళ్ళ చొప్పున, దాదాపు రెండు వారాల్లో నడిచాడు. అఫ్గానిస్తాన్‌లో రెండు కాళ్ళూ మోకాళ్ళ పైనుంచి పోయిన అమెరికన్ మెరీన్ రాబ్ జోన్స్ 2017లో 31 రోజుల్లో 31 నగరాల్లో 31 మారథాన్ దూరాలు పరుగెత్తాడు. 1999లో కార్గిల్ యుద్ధ సమయంలో మోర్టార్ షెల్ పేలి, చనిపోయాడని డాక్టర్ ప్రకటించాక కూడా బతికిన భారత సైన్యాధికారి మేజర్ డీపీ సింగ్, కుడి కాలు తీసేశాక హాఫ్ మారథాన్‌లు పరుగెత్తి, తనలాంటి వాళ్ళను కూడగట్టాడు.

ఈ పేర్లు మీకు తెలియనివి కావు. మీ వేదికల మీద ప్రసంగాల్లో వినబడుతూనే ఉంటాయి. మీ రూల్ బుక్‌లోనే వాళ్ళకు చోటు లేదు.

ఇంకొక్క మాట చెప్పి డిమాండ్లలోకి వెళ్తాను. సైన్యంలో చేరిన రోజు నుంచి మమ్మల్ని స్టాప్‌వాచ్‌తో కొలిచారు. ఎంపికలో టైమింగ్, ట్రైనింగ్‌లో టైమింగ్, ఏటా ఫిట్‌నెస్ టెస్టులో టైమింగ్. గాయపడ్డాక ఒక్కసారిగా అందరూ మెత్తగా మాట్లాడటం మొదలుపెడతారు. "పర్వాలేదు, నెమ్మదిగా", "నువ్వు నిలబడటమే గొప్ప" అంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ వింటూ వింటూ ఉంటే, ఇక మన దగ్గర ఎవరూ ఏమీ ఆశించడం లేదని అర్థమవుతుంది. ఆసుపత్రి వార్డులో నొప్పికన్నా నన్ను ఎక్కువ కుంగదీసింది అదే. మొదటిసారి ఒక రేసులో నా పేరు, కేటగిరీ, గంటలు, నిమిషాలు, సెకన్లు తెర మీద చూసినప్పుడు, చాలాకాలానికి నన్ను ఎవరో మొహమాటం లేకుండా చూశారనిపించింది. మేం అడిగేదంతా ఆ వరుసలో మా పేరు గురించే.

మా డిమాండ్లు ఇవి.

1. కటాఫ్ టైమ్‌ను మా శరీరాల లెక్కతో చూడండి.

కటాఫ్ అంటే రేసు ముగించడానికి మీరిచ్చే గడువు. అది ఆరు గంటలైతే కిలోమీటరుకు సగటున 8 నిమిషాల 32 సెకన్లు. వినడానికి ఉదారంగానే ఉంటుంది. కానీ కృత్రిమ కాలితో మాలో చాలామంది ఆగకుండా అంతదూరం పోలేరు. దారిలో ఆరుసార్లు ఆగి, ఆగినప్పుడల్లా ఐదు నిమిషాలు పోతే, మిగతా సమయంలో కిలోమీటరును 7 నిమిషాల 49 సెకన్లలో దాటాలి. మోకాలి పైనుంచి కాలు లేనివాడికి ఒక్కో అడుగుకూ అయ్యే శ్రమ మామూలు రన్నర్ కన్నా చాలా ఎక్కువ, మోకాలు మిగిలిన నాకన్నా కూడా ఎక్కువే. అందరికీ ఒకే కటాఫ్ పెట్టి దాన్ని సమానత్వం అంటే ఎలా?

రోడ్లు రోజంతా మూసి ఉంచమని మేం అడగడం లేదు. అంబులెన్సులు, ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళు, చిన్న వ్యాపారులు ఇరుక్కుపోతారని మాకూ తెలుసు. అందుకే మూడు పనులు చేయమంటున్నాం. ఒకటి, గంట నుంచి గంటన్నర ముందు మాకు విడిగా స్టార్ట్ ఇవ్వండి. రెండు, రోడ్డు తెరిచాక కూడా సాగగలిగినవాళ్ళకు ఫుట్‌పాత్ దారిని ముందే గుర్తించి, ఒక్క వాలంటీర్‌ను తోడు పంపండి. మూడు, ఫినిష్ దగ్గర గేటు తీసేసినా సరే, చివరి మనిషి వచ్చేదాకా ఒక టైమింగ్ మ్యాట్, ఒక మనిషి, ఒక పెట్టె మెడల్స్ ఉంచండి. ఏ పాయింట్ దగ్గర ఏ టైముకు ఆపుతారో రిజిస్ట్రేషన్‌కు ముందే రాయండి. అప్పుడు వచ్చేదీ మానేదీ మేమే తేల్చుకుంటాం. ముప్పయ్యో కిలోమీటరు దగ్గర బస్సు తలుపు తెరిచి చెప్పడం మాత్రం వద్దు.

2. ఫలితాల్లో మాకు కేటగిరీ ఇవ్వండి.

ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 2018 నుంచి కృత్రిమ కాళ్ళతో పోటీపడేవాళ్ళకు టీ61 నుంచి టీ64 వరకు తరగతులున్నాయి. రెండు కాళ్ళూ మోకాలి పైనుంచి పోతే టీ61, కింది నుంచి పోతే టీ62, ఒక కాలు పైనుంచి పోతే టీ63, కింది నుంచి పోతే టీ64. చూపు తగ్గినవాళ్ళకు, వీల్‌చెయిర్‌వాళ్ళకు వేరే తరగతులున్నాయి. అంటే మీరు కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. రిజిస్ట్రేషన్ ఫారంలో ఒక గడి పెంచాలి, అంతే. బోస్టన్ మారథాన్ 2021 నుంచి చేయి లోపం, కాలి లోపం, చూపు లోపం ఉన్న రన్నర్లకు విడివిడిగా విభాగాలు, ప్రైజ్ మనీ పెట్టింది.

ఇది మాకు ఎందుకంత ముఖ్యమో చాలామంది నిర్వాహకులకు తట్టదు. పారాలింపిక్స్ ఉన్నాయి కదా, అక్కడికి వెళ్ళండి అంటారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో మారథాన్ వీల్‌చెయిర్ అథ్లెట్లకు, చూపు తగ్గినవాళ్ళకు మాత్రమే ఉంది. కృత్రిమ కాలితో పరుగెత్తేవాళ్ళకు అక్కడున్న అతి పెద్ద పరుగు 400 మీటర్లు. గాయపడిన సైనికుల కోసమే పుట్టిన ఉద్యమం అది. 1948లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టర్ 16 మంది గాయపడిన సైనికులతో, అందులో మహిళలూ ఉన్నారు, విలువిద్య పోటీ పెట్టినప్పుడు మొదలైంది. అక్కడ కూడా మా దూరానికి చోటు లేదు. కాబట్టి బ్లేడ్ మీద దూరం పరుగెత్తేవాడికి మీ రోడ్డు రేసు తప్ప వేరే గతి లేదు. మీరు రాయకపోతే మా టైమింగ్ ఎక్కడా ఉండదు.

దీని నష్టం మా ఒక్కరిదే అనుకోకండి. కాలు తీసేసిన కొత్తలో మంచం మీద పడుకున్న మనిషి ఫోన్‌లో వెతికేది, సరిగ్గా తనలాగే కాలు పోయినవాడు ఎవరైనా పరుగెత్తాడా, ఎంత టైములో, అని. వాడు సైనికుడే కానక్కర్లేదు. రోడ్డు ప్రమాదంలో కాలు పోయినవాడు కావచ్చు, షుగర్ వల్ల పాదం తీసేయించుకున్న పెద్దావిడ కావచ్చు. వాళ్ళకు వీరగాథ పెద్దగా పనికిరాదు. "టీ63, 6 గంటల 40 నిమిషాలు" లాంటి ఒక్క వరుస పనికొస్తుంది. "పూర్తి చేయలేదు" అన్న తప్పుడు వరుస వాళ్ళ ఆశ మీద నేరుగా దెబ్బ కొడుతుంది.

3. కృత్రిమ కాలికి కావలసిన సాయాన్ని "బయటి సాయం"గా లెక్కించకండి.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది అధికారులు సాకెట్ లోపల ఏం జరుగుతుందో ఎప్పుడూ చూసి ఉండరు. స్టంప్ మీద, అంటే తీసేయగా మిగిలిన కాలి మీద, సిలికాన్ లైనర్ అనే మెత్తని తొడుగు వేస్తాం, దాని మీద కృత్రిమ కాలి పైభాగమైన సాకెట్ కూర్చుంటుంది. పరుగు మొదలైన కొద్దిసేపటికే లైనర్ లోపల చెమట నిండుతుంది. బయటికి పోయే దారి ఉండదు. చెమట ఎక్కువైతే లైనర్ జారుతుంది, జారితే సాకెట్ తిరుగుతుంది, తిరిగితే చర్మం ఒరుసుకుపోతుంది. అందుకే రోడ్డు పక్కన కూర్చుని, పిన్ నొక్కి కాలు ఊడదీసి, లైనర్ తిప్పి వంచితే చెమట ధారగా కారుతుంది. టవల్‌తో ఒత్తి తుడిచి, మళ్ళీ గాలి బుడగ లేకుండా తొడగాలి. పైగా గంటలు గడిచేకొద్దీ స్టంప్ సన్నబడుతుంది, అప్పుడు ఇంకో సాక్ వేసి వదులు సరిచేయాలి. బ్లేడ్ బోల్టు వదులైతే అలెన్ కీ కావాలి.

ఇవన్నీ నడుముకు కట్టుకుని పరుగెత్తలేం. దారిలో రెండు మూడు చోట్ల మా మనిషి సంచి పట్టుకుని నిలబడతాడు. చాలా పోటీల్లో, మీరు చెప్పిన చోట కాకుండా బయటివాళ్ళు ఏది అందించినా డిస్‌క్వాలిఫై చేసే నిబంధన ఉంది. ఆ నిబంధన ఎందుకుందో మాకు అర్థమవుతుంది. కానీ పొడి లైనర్ అందుకోవడం, వేగం తగ్గకుండా పక్కన పరుగెత్తే పేసర్‌ను పెట్టుకోవడం లాంటిది కాదు కదా. కేటగిరీ ఉన్న ప్రతి రన్నర్‌కూ ఒక పరికరాల సంచిని మీరే ఫలానా కిలోమీటర్ల దగ్గర ఉంచే ఏర్పాటు చేయండి. లేదా గుర్తింపు కార్డు ఇచ్చి ఒక సహాయకుణ్ణి అనుమతించండి. వాటర్ స్టేషన్ పక్కన నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేయండి. అంతే.

బ్లేడ్ స్ప్రింగ్‌లా ఎగురుతుంది కదా, మీకే లాభం కదా అని అడిగే పెద్దమనుషులు ప్రతి పోటీలోనూ ఒకరైనా తగులుతారు. పిక్క, చీలమండ ఉన్న కాలు తానే శక్తి పుట్టించి నేలను తంతుంది. బ్లేడ్ మన బరువు వల్ల లోపలికి పోయిన శక్తిలో కొంత తిరిగిస్తుంది తప్ప కొత్తగా ఏమీ పుట్టించదు. నమ్మకం లేకపోతే ఒకరోజు మాతో రండి.

4. దారిని ముందే మాకు చూపించండి.

బ్లేడ్‌కు మడమ ఉండదు కాబట్టి ఒకచోట కదలకుండా నిలబడటం పరుగుకన్నా కష్టం. స్టార్ట్ దగ్గర ముప్పావు గంట ఇరుకులో నిలబెడితే సగం ఓపిక అక్కడే అయిపోతుంది. పట్టుకోవడానికి ఒక రెయిలింగ్ చాలు. రోడ్డు అంచు వైపు వాలుగా ఉంటే ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి అయినట్టే, నడుం పట్టేస్తుంది. వాటర్ స్టేషన్ దాటాక పరిచినట్టు పడి ఉండే తడి కప్పులు అందరికీ చిరాకు, మాకు మాత్రం పడిపోయే ప్రమాదం. కోర్సు మ్యాప్‌లో ఎత్తుపల్లాలతో పాటు కంకర, స్పీడ్ బ్రేకర్లు, వాలు కూడా రాయండి.

5. వీల్‌చెయిర్లకు వేరే స్టార్ట్, హ్యాండ్‌సైకిళ్ళకు వేరే విభాగం.

రేసింగ్ వీల్‌చెయిర్ మామూలు రన్నర్ కన్నా చాలా వేగం. 2024 బోస్టన్‌లో మార్సెల్ హగ్ 1 గంట 15 నిమిషాల 33 సెకన్లలో ముగించాడు. అలాంటి బండిని వేలమంది వెనక నిలబెడితే పల్లంలో ఎవరో ఒకరికి దెబ్బ తగలక మానదు. ముందు పంపాల్సిందే. చేతులతో పెడల్ తిప్పే, గేర్లున్న హ్యాండ్‌సైకిల్‌నూ, చేతులతో చక్రం తోసే వీల్‌చెయిర్‌నూ ఒకే పట్టికలో కలపడం ఇద్దరికీ అన్యాయం. ఒకప్పుడు ఇవన్నీ అసాధ్యం అన్నారు. 1975లో పోలియో సోకిన బాబ్ హాల్ బోస్టన్‌కు వస్తానంటే, మూడు గంటల్లోపు వస్తే సర్టిఫికెట్ ఇస్తామని రేస్ డైరెక్టర్ షరతు పెట్టాడు. 2 గంటల 58 నిమిషాల్లో వచ్చాడు, సర్టిఫికెట్ తీసుకున్నాడు. షరతు కఠినమైనదే. కానీ ముందే చెప్పారు, మాట నిలబెట్టుకున్నారు. మాకు కావలసింది కూడా అలాంటి మాటే.

6. చూపు పోయినవాళ్ళ గైడ్ రన్నర్ల దగ్గర రెండో ఫీజు తీసుకోకండి.

గైడ్ పోటీదారు కాదు. తాడు రెండో కొన పట్టుకుని, మలుపులూ గుంతలూ చెబుతూ పరుగెత్తేవాడు. పారా అథ్లెటిక్స్ నిబంధనలే 5,000 మీటర్లు, ఆపై దూరాలకు ఇద్దరు గైడ్‌లను అనుమతిస్తాయి. మీ పోటీల్లో కొన్ని ఒక్కరికే బిబ్ (చొక్కాకు తగిలించుకునే నంబరు) ఇచ్చి, దానికీ పూర్తి ఫీజు వసూలు చేస్తున్నాయి. గైడ్ అలసిపోతే అంధ రన్నర్ కూడా ఆగిపోవాలా?

7. స్టార్ట్ దగ్గర పేలుళ్ళు ఆపండి.

తుపాకీ, టపాసులు, రంగు కాగితాలు చిమ్మే ఫిరంగులు, నెత్తిమీద డ్రోన్. పండగ వాతావరణం మీకు కావాలి, ఒప్పుకుంటాను. కానీ యుద్ధంలో పేలుడు మధ్య బతికి బయటపడ్డ మనిషి ఒంటికి అది పండగ అని తెలియదు. గుండె దడ, చెమట, నేలకు వంగిపోవడం, ఇవి ఆలోచించేలోపే జరిగిపోతాయి. రేస్ టెన్షన్ అందరికీ ఉంటుంది, ఇది అది కాదు. నాతో శిక్షణ పొందిన ఒకతను, రెండు కాళ్ళూ రెండు చేతులూ చక్కగా ఉన్నవాడు, స్టార్ట్ గీత దగ్గర నుంచే వెనక్కి వెళ్ళిపోయాడు. మీ లెక్కల్లో ఆయన "హాజరు కాలేదు". హారన్ వాడండి. పేల్చే కార్యక్రమం ఏదైనా తప్పదనుకుంటే ఎన్ని గంటలకు, ఎక్కడ అన్నది ముందే మెయిల్ చేయండి. తెలిసి వచ్చే శబ్దాన్ని మేం తట్టుకోగలం.

8. మెడికల్ టెంట్‌లో వాళ్ళకు ఒక పూట శిక్షణ ఇవ్వండి.

రోడ్డు పక్కన కాలు ఊడదీసి కూర్చున్నవాడు ప్రమాదంలో ఉన్నాడని అర్థం కాదు. ముందు అడగండి, తర్వాత ముట్టుకోండి. అసలు ప్రమాదం వేరేచోట ఉంది. ఒక కాలు లేకపోతే వేడి బయటికి పోయే చర్మం అంతమేర తగ్గుతుంది, శ్రమ మాత్రం పెరుగుతుంది. పేలుడులో ఒళ్ళు కాలిపోయి, చర్మం అతికించినవాళ్ళకు ఆ భాగంలో చెమట సరిగా పట్టదు. కాబట్టి వడదెబ్బ మాకు త్వరగా తగులుతుంది. ఐస్ ముందు మాకు ఇవ్వండి. బిబ్ వెనక మందులు, గాయం వివరాలు రాసుకునే చోటు పెట్టండి. పేలుడులో కాళ్ళు పోయినవాళ్ళకు స్టంప్ కండరంలో ఎముక అడ్డదిడ్డంగా పెరగడం మామూలే. దాన్ని కొత్త ఫ్రాక్చర్ అనుకుని కట్టు కట్టేసే డాక్టర్ ఎదురైతే మా రేసు అక్కడితో సరి.

2019 బోస్టన్‌లో అఫ్గానిస్తాన్‌లో పనిచేసిన మెరీన్ మైకా హెర్న్‌డన్ కాళ్ళు మొరాయించి చివరి దూరం పాకుతూ వచ్చాడు. సిబ్బంది పక్కనే ఉన్నారు, వీల్‌చెయిర్ సిద్ధంగా ఉంది, కానీ ఎవరూ ఆయన్ని ఎత్తేయలేదు. గీత ఆయనే దాటాడు, ఆ తర్వాతే వీల్‌చెయిర్ ఎక్కించారు. కనిపెట్టుకుని ఉండటం, రేసును చేతిలోంచి లాక్కోకపోవడం, రెండూ ఒకేసారి చేయొచ్చని వాళ్ళు చూపించారు.

9. మైకు, ఫొటో, విరాళం.

మా గాయం కథ మమ్మల్ని అడగకుండా మైకులో చెప్పకండి. ఎవరికి ఎక్కడ ఎలా తగిలిందన్నది అందరూ బయటపెట్టాలనుకోరు. చనిపోయిన తోటివాళ్ళ కుటుంబాలు ఆ గుంపులోనే ఉండొచ్చు. మా ఫొటో పోస్టర్ మీద వేయాలంటే రాతపూర్వక అనుమతి తీసుకోండి. గాయపడిన సైనికుల పేరు మీద విరాళాలు సేకరిస్తే ఎంత వచ్చింది, ఏర్పాట్లకు ఎంత పోయింది, ఎవరికి ఎంత చేరిందన్న లెక్క వెబ్‌సైట్‌లో పెట్టండి. స్పాన్సర్లకు ప్రత్యేకంగా ఒక మనవి. మీ బ్యానర్ ముందు మమ్మల్ని నిలబెట్టే ముందు, ఆ పోటీ కటాఫ్ ఎంతో ఒకసారి అడగండి.

ఇందులో డబ్బుతో పని ఉన్నవి తక్కువ. ఫారంలో ఒక గడి, ఒక మ్యాట్, కొన్ని కుర్చీలు, ఒక హారన్, ముందుగా ఒక మెయిల్. "ఒక్కరిద్దరి కోసం ఇంత ఏర్పాటా" అని ఒక కమిటీ సభ్యుడు మా ముందే అన్నారు. ఒక్కరిద్దరే ఎందుకు వస్తున్నారో కూడా ఆయనే చెబితే బాగుండేది. బస్సు ఎక్కించి, పేరు కొట్టేసి, భార్యను గేటు దగ్గర నుంచి పంపేసిన పోటీకి మరుసటి ఏడాది మనుషులు రారు. రానివాళ్ళను లెక్కపెట్టి, గిరాకీ లేదంటారు.

మేం చేయగలిగింది కూడా చెబుతాను. మీ కోర్సును పోటీకి ముందు మేమే వచ్చి, మా ఖర్చుతో నడిచి చూసి రిపోర్టు ఇస్తాం. మెడికల్ టీమ్‌కు సాకెట్, లైనర్ చూపించి చెబుతాం. చివరి రన్నర్ వచ్చేదాకా మ్యాట్ దగ్గర కూర్చునే మనిషి దొరకడం లేదంటే, మాలో పరుగెత్తనివాళ్ళు కూర్చుంటారు. రాత్రి కాపలాలు చేసినవాళ్ళకు అదేమంత పని కాదు.

మీ దగ్గర నుంచి మాకు కావలసింది రాతపూర్వక జవాబు. తొమ్మిది అంశాల్లో ఏది ఒప్పుకుంటారు, ఏది కుదరదు, కుదరకపోతే ఎందుకు. రాబోయే సీజన్ రిజిస్ట్రేషన్లు తెరిచేలోపు దాన్ని మీ రూల్ బుక్‌లో ప్రచురించండి. మొదట మావాడి ఫలితం సరిచేయండి. ఆయన దాటినట్టు ఫొటోలు, ఫోన్ రికార్డింగ్ ఉన్నాయి, అడిగితే ఇస్తాం.

అప్పటిదాకా ఫ్లాగాఫ్ వేదికల మీదికి మాలో ఎవరం రాము. శాలువాలు, జ్ఞాపికలు తీసుకోం. ఫీజు కట్టి, బిబ్ తగిలించుకుని, స్టార్ట్ గీత దగ్గరికి మాత్రం వస్తాం.

ఇట్లు,
గాయపడిన మాజీ సైనిక రన్నర్ల తరఫున,
ఎడమ కాలికి బ్లేడ్‌తో పరుగెత్తే ఒక మాజీ సైనికుడు